దుబాయి ఎంత దూరం? టికెట్టు మీది గంటల లెక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు పూర్వ విద్యార్థులమైన మేము ముగ్గురం కూర్చొని ఆలోచించాం. కవితలు రాసేవాళ్లు మాలో లేరు. జ్ఞాపకాలు రాద్దామంటే, పప్పుచారులో పప్పు వెతుక్కున్న సంగతి, శనివారం రాత్రి గోడ దూకి సెకండ్ షోకు పోయి దొరికిపోయిన సంగతి పాత సంచికల్లోనే అందరూ రాసేశారు. అందుకని మాకు తెలిసిన ఒక లెక్క రాద్దామనుకున్నాం. ఇది మేము పుస్తకంలో చదివి నేర్చుకున్న లెక్క కాదు. ఒక తప్పు చేసి నేర్చుకున్నది.

అది 2010 ఎండాకాలం. మేము అప్పుడు డిగ్రీ చదువుతున్నాం. మా బ్యాచ్ మిత్రుడి అన్న దుబాయికి పోవాలి. పదో తరగతి తప్పి, నాలుగేళ్లు పత్తి చేన్లలో కూలి చేసి, చివరికి వీసా తెచ్చుకున్నాడు. (పది పాస్ కాని వాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విడిగా క్లియరెన్స్ తీసుకోవాలి. పది పాసైతే ఆ తిరుగుడు ఉండదు. పదో తరగతి తమ్ముళ్లు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి.) టికెట్టు చేతికి వచ్చాక ఇంట్లో వాళ్లు మమ్మల్ని పిలిచారు. ఆ వాడలో ఇంగ్లీషు చదవగలిగేది మేమే. టికెట్టు మీద మే 12 అని, దాని పక్కన 00.40 అని ఉంది. మేము దర్జాగా చదివి చెప్పాం: "పన్నెండో తారీఖు రాత్రి పన్నెండు నలభైకి విమానం."

పన్నెండో తారీఖు బుధవారం. పొద్దున ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు. మధ్యాహ్నం సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్‌లో రైలు ఎక్కారు. మాలో ఇద్దరం తోడు పోయాం. రాత్రి తొమ్మిదిన్నరకల్లా శంషాబాద్ విమానాశ్రయం గేటు దగ్గర నిలబడ్డాం. ఇంకా మూడు గంటల టైముంది కదా అని మాకు ధీమా. గేటు దగ్గరి జవాను టికెట్టు చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, మళ్లీ టికెట్టు చూశాడు. "భయ్యా, యే తో కల్ రాత్ నికల్ గయీ" అన్నాడు.

విమానం ముందు రోజు రాత్రే పోయింది. టికెట్టు డబ్బులు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. అవి పోయాయి. రెండోసారి టికెట్టుకు మళ్లీ అప్పు తెచ్చి, పదిహేను రోజుల తర్వాత అన్న వెళ్లాడు. ఆ రాత్రి సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఇంటికి వచ్చాక వాళ్ల అమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరేం జేస్తరు బిడ్డా, మీరు మాత్రం ఎన్నడన్న ఇమానం ఎక్కిండ్రా" అన్నది. తిట్టి ఉంటే బాగుండేదని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రోజు ఎప్పుడు మారుతుంది?

మేము చేసిన తప్పు చాలామంది చేస్తారు. దానికి కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదు. మన రోజుకూ, విమానం వాళ్ల రోజుకూ మొదలయ్యే చోటు వేరు. మన పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది. మంగళవారం రాత్రి అంటే తెల్లారేదాకా మంగళవారం రాత్రే. అర్ధరాత్రి పుట్టిన పిల్లవాడిని కూడా ఊళ్లో పెద్దవాళ్లు "మంగళారం రాత్రి పుట్టిండు" అంటారే తప్ప బుధవారం అనరు. గడియారం లెక్కలో మాత్రం రాత్రి పన్నెండు కొట్టగానే బుధవారం వచ్చేస్తుంది.

రైల్వే వాళ్లలాగే విమానం వాళ్లు కూడా 24 గంటల గడియారం వాడతారు. అందులో రోజు 00.00తో మొదలై 23.59తో ముగుస్తుంది. కాబట్టి 12వ తేదీ 00.40 అంటే పన్నెండో తేదీ పుట్టి నలభై నిమిషాలే అయిందన్న మాట. మన మాటలో చెప్పాలంటే పదకొండో తారీఖు రాత్రి అన్నం తిన్నాక. పన్నెండో తేదీ రాత్రి పడుకునే వేళ విమానం ఉంటే దాని మీద 23.40 అని ఉండేది.

అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు రమ్మంటారు. 12వ తేదీ 00.40లోంచి మూడు గంటలు వెనక్కి వెళితే 11వ తేదీ 21.40. అప్పటికి శంషాబాద్‌లో ఉండాలంటే కాగజ్‌నగర్‌లో 11వ తేదీ పొద్దుటి రైలే ఎక్కాలి. టికెట్టు మీద గంట 00 నుంచి 05 దాకా ఏది ఉన్నా సరే, ఇల్లు కదలాల్సింది టికెట్టు మీది తారీఖు నాడు కాదు, దాని ముందు రోజు. గల్ఫ్ విమానాలు చాలా వరకు ఈ వేళల్లోనే ఉంటాయి. దుబాయిలో తెల్లవారుజామున దిగితే, అక్కడి నుంచి పొద్దున యూరప్‌కూ అమెరికాకూ పోయే విమానాలు అందుతాయి. దుబాయిలోనే దిగిపోయే మన కూలీ కూడా ఆ లెక్క ప్రకారమే నిద్ర మానుకొని కూర్చోవాలి.

పోయేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు ఐదు

అన్న వెళ్లిన రెండేళ్లకు సెలవు మీద వచ్చాడు. రానూ పోనూ టికెట్టు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మా మిత్రుడి చెల్లె ఒక ప్రశ్న అడిగింది. ఆమె అప్పుడు తొమ్మిదో తరగతి. "అన్నా, హైదరాబాద్ నుంచి దుబాయికి రెండున్నర గంటలే, దుబాయి నుంచి హైదరాబాద్‌కు ఐదు గంటలు. వచ్చేటప్పుడు దూరమెక్కువ ఉంటదా?"

నవ్వవలసిన ప్రశ్న కాదిది. టికెట్టు మీద బయలుదేరే టైము బయలుదేరే ఊరి గడియారం ప్రకారం ఉంటుంది, దిగే టైము దిగే ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. ఈ రెంటినీ నేరుగా తీసివేస్తే ప్రయాణ సమయం రాదు. ఎనిమిదో తరగతి సోషల్‌లో చదివిన రేఖాంశాలు ఇక్కడ పనికొస్తాయి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశం గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. అది ఉత్తరాన మీర్జాపూర్ దగ్గరా, మన వైపు కాకినాడ దగ్గరా పోతుంది. దుబాయి గడియారం 60 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. తేడా 22½ డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే 90 నిమిషాలు. మనకు పొద్దున ఆరైతే వాళ్లకు నాలుగున్నర.

ఇప్పుడు పోయేటప్పుడు ప్రయాణం నాలుగు గంటలనుకోండి. మన గడియారం ప్రకారం ఉదయం 4.00కు లేచిన విమానం మన 8.00కు దిగుతుంది. కానీ అక్కడి గోడ గడియారం 6.30 చూపిస్తుంది. 4.00, 6.30 చూసిన వాళ్లకు రెండున్నర గంటలే అనిపిస్తుంది. వచ్చేటప్పుడు మూడున్నర గంటల ప్రయాణం. దుబాయిలో రాత్రి 10.00కు లేస్తే, అక్కడి 1.30కి అంటే మన 3.00 గంటలకు దిగుతుంది. టికెట్టు మీద 22.00, 03.00. పైగా తారీఖు కూడా మారింది. తీసుకురావడానికి పోయేవాళ్లు మళ్లీ ఇక్కడే పొరపాటు పడతారు.

సూత్రం చిన్నదే. పడమరకు పోతే రెండు టైముల మధ్య తేడాకు గంటన్నర కలపాలి, తూర్పుకు వస్తే గంటన్నర తీసేయాలి. 2½కు 1½ కలిపితే 4. 5లోంచి 1½ తీస్తే 3½.

అయినా నాలుగూ, మూడున్నరా ఎందుకు?

చెల్లె అంతటితో వదల్లేదు. గడియారం లెక్క సరిచేసినా అరగంట తేడా మిగిలింది కదా అన్నది. అదీ నిజమే. దూరం ఒకటే, విమానం ఒకటే, మరి వచ్చేటప్పుడు ముందుగా ఎలా వస్తుంది?

దీనికి హాస్టల్‌లో ఒకప్పుడు మేమే ఒక పెద్ద సిద్ధాంతం చెప్పేవాళ్లం. రాత్రి డాబా మీద పడుకొని, ఉత్తరానికి పోయే విమానాల ఎర్ర దీపాలు చూస్తూ వాదించుకునేవాళ్లం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. కాబట్టి విమానం పైకి లేచి గాలిలో ఊరికే ఆగిపోతే చాలు, పడమరనున్న దుబాయి దానంతట అదే తిరిగి కిందికి వస్తుంది అని. అదే నిజమైతే పోయేటప్పుడే తక్కువ టైము పట్టాలి. జరిగేది దానికి సరిగ్గా ఉల్టా.

తప్పెక్కడ ఉందో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో తెలుస్తుంది. పోతున్న బండిలో బోగీ మధ్యన నిలబడి పైకి ఎగరండి. వెనక సీటు వాళ్ల మీద పడతారా? నిలబడ్డ చోటే పడతారు. బండి వేగం మీ ఒంటిలో కూడా ఉంది, బోగీలో గాలికి కూడా ఉంది. భూమి కూడా అలాంటి బోగీయే. తనతోపాటు గాలిని కూడా తిప్పుకుంటుంది. రన్‌వే మీద నిలబడ్డ విమానానికి కూడా ఆ వేగం ముందే ఉంటుంది. కాబట్టి గాలిలో ఆగి దుబాయి కోసం ఎదురుచూడటం కుదరదు.

అసలు సంగతి గాలి వీచే దిక్కులో ఉంది. పెద్ద విమానాలు ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో, అంటే పదిన్నర కిలోమీటర్ల పైన ఎగురుతాయి. ఆ ఎత్తున ఉత్తర భారతం, అరేబియా మీదుగా సంవత్సరంలో ఎక్కువ కాలం గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో మరీ ఉధృతంగా ఉంటుంది. ప్రాణహితలో నాటు పడవ నడిపేవాళ్లను అడిగితే మిగతాది వాళ్లే చెబుతారు. ఎదురు నీటికి పోవడం వేరు, వాలుకు రావడం వేరు. తెడ్డు వేసే బలం ఒకటే, ఒడ్డు మీద చెట్లు వెనక్కి పోయే వేగం మాత్రం మారుతుంది.

లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్ నుంచి దుబాయికి సూటిదూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుందాం. ఎదురుగాలి 60 ఉంటే నేల మీద లెక్కకు 840 మిగులుతుంది. 2,550ని 840తో భాగిస్తే మూడు గంటల రెండు నిమిషాలు. వచ్చేటప్పుడు అదే 60 కలిసొచ్చి 960 అవుతుంది, అంటే రెండు గంటల నలభై నిమిషాలు. మిగతా యాభై నిమిషాలూ ఏమవుతాయంటే, రన్‌వే దాకా నేల మీద మెల్లగా పోవడం, వరుసలో ఆగడం, పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ ఉండడం, దుబాయి లాంటి రద్దీ ఉన్న చోట దిగడానికి వంతు కోసం చుట్టూ తిరగడం. అవి కలిపితే ఇంచుమించు టికెట్టు మీది నాలుగూ, మూడున్నరా వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి రుతుపవనాల కాలంలో, మన దక్షిణాదిన పై గాలి దిక్కు మారి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. ఆ నెలల్లో ఈ తేడా తగ్గుతుంది.

మాకు బాగా నచ్చింది ఇంకొకటి. పొద్దు కూడా తూర్పు నుంచి పడమరకే పోతుంది. ఈ అక్షాంశాల మీద దాని వేగం గంటకు పదిహేను వందల కిలోమీటర్ల పైన. విమానం దాన్ని అందుకోలేదు గాని సగం వేగంతో వెంటపడుతుంది. అందుకే సాయంత్రం పూట దుబాయికి పోయేవాళ్లకు పొద్దు కుంకడం చాలాసేపు సాగుతుంది. కిటికీ పక్కన కూర్చున్న అన్న దాన్ని "పొద్దు జల్ది మునగలే తమ్మీ, గట్లనే ఉన్నది" అని చెప్పాడు.

గ్లోబు మీద దారం

దూరం 2,550 అని మేమెలా చెప్పాం? దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. హైస్కూలులో దుమ్ము పట్టి ఉన్న గ్లోబు, అమ్మ కుట్టుమిషను దారం ఉంటే చాలు. గ్లోబు నడుముకు, అంటే భూమధ్యరేఖకు, దారం చుట్టి కొలవండి. అడ్డకొలత 30 సెంటీమీటర్ల గ్లోబు అయితే చుట్టుకొలత 94 సెంటీమీటర్లు వస్తుంది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. భాగిస్తే ఒక సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు. ఇప్పుడు హైదరాబాద్ మీద దారం కొస పెట్టి దుబాయి దాకా బిగించి లాగండి. ఆరు సెంటీమీటర్లు వస్తుంది. ఆరు ఇంటూ 425. అంతే.

దారాన్ని బిగించి లాగడమే ఇందులో కీలకం. వదులుగా ఉంటే తప్పు వస్తుంది. బిగించిన దారం గుండ్రటి బంతి మీద అన్నిటికంటే దగ్గరి దారి ఎంచుకుంటుంది. దుబాయికి ఈ తేడా పెద్దగా తెలియదు. దూరాలు పెరిగినకొద్దీ తెలుస్తుంది. అది చూడటానికే షికాగో దాకా పోదాం.

2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు మధ్యలో ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. హైదరాబాద్ నుంచి అమెరికాకు అలాంటిది అదే మొదటిది. వారానికి ఒక్కటి. బోయింగ్ 777-200ఎల్ఆర్ రకం, 238 సీట్లు. ఆ రకం విమానం ట్యాంకుల్లో లక్షా ఎనభై వేల లీటర్లకు పైగా ఇంధనం పడుతుంది. రోడ్డు మీద కనిపించే పెట్రోలు ట్యాంకరు ఇరవై వేల లీటర్లదనుకుంటే తొమ్మిది ట్యాంకర్లు. ఆ సర్వీసు తర్వాత నిలిచిపోయింది గాని మన లెక్కకు బాగా పనికొస్తుంది.

ముందుగా గోడకు వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టండి. హైదరాబాద్ నుంచి పడమరకు అరేబియా, ఆఫ్రికా ఉత్తర భాగం, అట్లాంటిక్ సముద్రం దాటి షికాగో చేరే గీత వస్తుంది. ఆ గీత పోయిన ఊర్లన్నీ గ్లోబు మీద గుర్తు పెట్టి, వాటి వెంబడి దారం పరిస్తే సుమారు 38 సెంటీమీటర్లు, అంటే 16,100 కిలోమీటర్లు. ఇప్పుడు ఆ దారాన్ని వదిలేసి రెండు ఊర్ల మధ్య బిగించి లాగండి. దారం పడమరకు పోనే పోదు. ఇంచుమించు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. పంజాబ్, కాశ్మీరు, మధ్య ఆసియా, కజకిస్తాన్, రష్యాలోని యూరల్ పర్వతాలు, ఆపైన మంచు సముద్రం. 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాలోకి దిగి షికాగో చేరుతుంది. పొడవు 31 సెంటీమీటర్ల చిల్లర, అంటే సుమారు 13,300 కిలోమీటర్లు. రెండు దారులకూ తేడా 2,800 కిలోమీటర్లు. అంటే స్కేలు పెట్టి గీసిన "సూటి" దారిన పోయేవాడు హైదరాబాద్ నుంచి దుబాయికి పోయినంత దూరం కంటే ఎక్కువ దండగ తిరుగుతాడు. (విమానం అచ్చంగా దారం మీదనే పోదు. గాలులు, దేశాల అనుమతులు, దగ్గరలో దిగడానికి వీలున్న విమానాశ్రయాలు చూసుకొని అటూ ఇటూ జరుగుతుంది. 2019లో ఫిబ్రవరి నుంచి జులై దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసినప్పుడు మన ఉత్తరాది నుంచి పడమరకు పోయే విమానాలు గుజరాత్ వైపు దిగి చుట్టూ తిరిగి పోయాయి.)

ఆ షికాగో విమానం టైములు చూస్తే చెల్లె అడిగిన ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. మధ్యాహ్నం 12.50కి హైదరాబాద్‌లో లేచి అదే రోజు సాయంత్రం 6.05కు షికాగోలో దిగేలా పెట్టారు. కాగితం మీద అయిదుంబావు గంటలు! షికాగో గడియారం చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. కలిపితే పదహారు గంటల నలభై అయిదు నిమిషాలు. ఎండాకాలంలో అక్కడ గడియారాలు గంట ముందుకు తిప్పుకుంటారు గనుక తేడా పదిన్నర గంటలే. తిరిగి వచ్చేటప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకు షికాగోలో లేస్తే, ఎల్లుండి తెల్లవారుజామున ఒకటిన్నర దాటాక హైదరాబాద్‌లో దిగడం. మధ్యలో ఒక తారీఖు గాలిలోనే గడిచిపోతుంది.

అలా తారీఖు మింగిన ప్రయాణాల్లో ఒకటి ఆ వారమే పేపర్లన్నింటిలో వచ్చింది. 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. గాలిలో ఉన్నది పదిహేడు గంటలకు పైగా. సూటిదూరం 14,000 కిలోమీటర్ల దరిదాపు. నడిపిన వాళ్లందరూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష, శివానీ మన్హాస్. బాలికల హాస్టల్ చెల్లెళ్లు ఈ పేర్లు గోడ పత్రికలో రాసుకోవచ్చు.

విమానం ఎగిరే ఎత్తు గురించి చెప్పేటప్పుడు మన వాళ్ల పేర్లు కూడా చెప్పాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పుడు పదమూడేళ్లు. వాళ్లు నిలబడ్డ చోటు 8,848 మీటర్లు. గల్ఫ్ విమానం దానికి రెండు కిలోమీటర్ల లోపు పైన పోతుంది, అంతే. అక్కడ చలి సున్నాకు యాభై డిగ్రీల దాకా కింద ఉంటుంది, గాలి పీల్చుకోవడానికి చాలదు. విమానంలో మాత్రం ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత గాలి ఒత్తిడి మిగిలేలా చూస్తారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెవులు మూసుకుపోవడం అందుకే. ఉమ్మి మింగినా, చాక్లెట్ చప్పరించినా తెరుచుకుంటాయి. మొదటిసారి పోయే వాళ్లకు ఇది ఎవరూ చెప్పరు. అన్న చెవికి ఏదో రోగం వచ్చిందని భయపడ్డాడట.

కాగజ్‌నగర్ నుంచి లెక్కేస్తే

దుబాయి నాలుగు గంటలు అనేది శంషాబాద్ వాడి లెక్క. మన లెక్క వేరు. కాగజ్‌నగర్ నుంచి సికింద్రాబాద్‌కు గ్లోబు మీద సూటిదూరం 235 కిలోమీటర్లే. రైలు మంచిర్యాల, రామగుండం, కాజీపేట తిరిగి పోవాలి గనుక దాదాపు 300. అయిదారు గంటలు. సికింద్రాబాద్ నుంచి శంషాబాద్‌కు ట్రాఫిక్‌ను బట్టి గంటో గంటన్నరో. 2008 మార్చికి ముందు విమానాశ్రయం బేగంపేటలో ఉన్నప్పుడు స్టేషన్ నుంచి ఆటోలో పోయేవాళ్లు, ఆ ముచ్చట తీరిపోయింది. మూడు గంటల ముందు చేరాలి, రైలు ఆలస్యానికి ఇంకో మూడు గంటలు వదులుకోవాలి. దిగాక అక్కడి ఇమిగ్రేషన్ వరుస, కంపెనీ బస్సు కోసం ఎదురుచూపు, క్యాంపు దాకా ప్రయాణం. అన్నీ కలిపితే ఇంటి గడప నుంచి క్యాంపు మంచం దాకా ఇరవై గంటలు. గాలిలో ఉన్నది అందులో అయిదో వంతు. ఇక్కడి నుంచి నాగపూర్ సూటిదూరం 200 కిలోమీటర్లు, హైదరాబాద్ కంటే దగ్గర. కానీ దుబాయి టికెట్టు అంటే మన వైపు అందరూ హైదరాబాద్ దారే పడతారు. బసంత్‌నగర్‌లో, మామునూరులో పాత రన్‌వేలు ఉన్నాయని పెద్దలు చెబుతారు గాని మేము చదువుకున్న రోజుల్లో అక్కడి నుంచి ఎవరూ విమానం ఎక్కలేదు.

అన్న ఇప్పటికీ దుబాయిలోనే ఉన్నాడు. మేస్త్రీ అయ్యాడు. 2010 నాటి అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. తిరుగు ప్రయాణం టికెట్టు రాగానే దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి మా ముగ్గురికీ పంపుతాడు. పోయినసారి పంపినప్పుడు దాని మీద 00.15 ఉంది. కింద ఒక్క ముక్క రాశాడు: "తమ్మీ, సూసి జెప్పుండ్రి." మేము ముగ్గురం ఎవరికి వాళ్లం లెక్కేసుకొని, ఒకరికొకరం ఫోన్ చేసుకొని సరిచూసుకొని, అప్పుడు జవాబు పంపాం: "ముందు రోజు పొద్దుగాల రైలెక్కు అన్నా."